సెల్‌ఫోను గూఢలిపి: తాళమును పరీక్షించినవారి కథ



ముప్పదియైదు సంవత్సరములు పల్లె పాఠశాలలలో సంధులు, సమాసములు బోధించి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితుడు సెల్‌ఫోను గూఢలిపిని గుఱించి మాటాడనేల యని మీలో కొందఱు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. కాని గూఢలిపి యనునది మొదట యంత్రములలో బుట్టినది కాదు, భాషలో బుట్టినది. అక్షరములను తారుమాఱు చేయుట, ఒక మాటకు మఱియొక మాటను నిలుపుట, పదిమందిలో ఒక్కనికే యర్థమగునట్లు పలుకుట, ఇవి యన్నియు భాషవారి పనులే. ఆ విద్య మన చొక్కా జేబులోని సెల్‌ఫోనువఱకు ఎట్లు వచ్చినది, అందు లోప మెట్లు కలిగినది, ఆ లోపమును లోకమునకు జూపినవా రెవ్వరు అను చరిత్రను నేడు మనవి చేసెదను.

అంతకు ముందు నా తప్పిదమొకటి చెప్పుకొనవలసి యున్నది. నేను ఉద్యోగమున జేరిన తొలినాళ్లలో ఒక బడిలో ప్రశ్నపత్రములు దాచు బీరువా నా యధీనమున నుండెడిది. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలు డొకడు నా యొద్దకు వచ్చి, “సారూ, మా ఇంటి పెట్టె తాళంచెవికి మన బీరువా వస్తున్నది” అని చెప్పెను. చెప్పుటయే కాదు, తెఱచి చూపెను. నేను వాని నేమి చేసితిని? బీరువా ముట్టినందులకు బెత్తముతో గొట్టితిని. తాళము మాత్రము మార్పింపనైతిని. అర్ధసంవత్సర పరీక్షకు రెండు దినములు ముందు ప్రశ్నపత్రముల కట్ట మాయమయ్యెను. అందఱి యనుమానమును ఆ బాలునిపైననే పోయెను. తాళములోని లోపము వానికి దెలియునని చెప్పినవాడను నేనే గదా! వాడు తీసినాడో లేదో నేటికిని నే నెఱుగను. మఱుసటి సంవత్సరము వాడు బడికి రాలేదు. ఈ సంగతిని మనసున నుంచుకొని మిగిలిన కథ వినుడు.

రహస్యభాష మనకు క్రొత్తది కాదు. వ్యాసభారతమున ఆదిపర్వమునందు పాండవులు వారణావతమునకు బయలుదేఱునపుడు విదురుడు ధర్మరాజుతో మ్లేచ్ఛభాషలో మాటాడి, రానున్న యగ్నిభయమును సూచించెను. చుట్టునున్నవారు వినిరి, కాని యర్థము చేసికొనలేదు. పిదప విదురుడు సొరంగము త్రవ్వు ఖనకు నొకనిని లక్కయింటికి బంపెను. వచ్చినవాడు విదురుని మనుష్యుడే యని నమ్ముట ఎట్లు? ఆనాడు మ్లేచ్ఛభాషలో జరిగిన సంభాషణను గుఱుతు చెప్పి వాడు తన్ను నిరూపించుకొనెను. ఇక్కడ రెండు సంగతులు గలవు: మాటను దాచుట యొకటి, మాటాడువా డెవ్వడో తేల్చుకొనుట రెండవది. ఈ రెండును మన కథలో మఱల వచ్చును.

వాత్స్యాయనుడు చెప్పిన చతుష్షష్టి కళలలో మ్లేచ్ఛితవికల్ప మొకటి. దానికి వ్యాఖ్యానము వ్రాసిన యశోధరుడు కౌటిలీయము, మూలదేవీయము అను అక్షరవ్యత్యాస పద్ధతులను పేర్కొనెను. మన పిల్లలు నేటికిని ఆడుకొను ‘క’ భాషయు ఈ జాతిలోనిదే. ప్రతి యక్షరమునకు ముందు ‘క’ చేర్చుదురు. ‘నీవు’ అన్నది ‘కనీకవు’ అగును. ఆ కిటుకు తెలియనంతవఱకు పెద్దలు తెల్లబోవుదురు. తెలిసిన మఱుక్షణమున ఆ భాషలో రహస్య మేమియు మిగులదు. ఏలయన, అందు తాళమే గాని తాళపుచెవి లేదు.

రహస్యము రాజులకే, దొంగలకే యవసరమను మాటను నేను ఒప్పుకొనను. మా మద్దూరు ప్రాంతమున బైరాన్‌పల్లి యను గ్రామము గలదు. 1948 ఆగస్టు 27వ తేదీన రజాకార్లు ఆ యూరిపై బడి గావించిన హత్యాకాండకు సాక్షిగా అందలి బురుజు నేటికిని నిలిచి యున్నది. అట్టి దినములలో ఒక కబురు ఎవ్వరికి జేరవలెనో వారికే చేరుట, పరులకు జేరకుండుట యన్నది ప్రాణములతో గూడిన విషయము. ఆ కాలమున మాట మోసికొనిపోవువాడు మనుష్యుడు. వాని విశ్వాసమే గూఢలిపి. నేడు మన మాటను గాలి మోయుచున్నది. గాలికి విశ్వాసము లేదు. ఎవ్వడు చెవి యొగ్గిన వానికి వినిపించును.

1883వ సంవత్సరమున ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అను పండితుడు ఫ్రాన్సుదేశపు సైనికశాస్త్ర పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయనయు నావలెనే భాషోపాధ్యాయుడు. పారిస్ నగరమున జర్మను భాష బోధించెడివాడు. గూఢలిపి పద్ధతి శత్రువు చేత జిక్కినను హాని కలుగరాదనియు, రహస్యమంతయు తాళపుచెవి యందే యుండవలెననియు ఆయన సిద్ధాంతము చేసెను. తాళము చేయు విధానము బజారులోని కమ్మరు లందఱికిని దెలిసియుండవచ్చును; నా తాళపుచెవి మాత్రము నా మొలత్రాటికే యుండవలెను. విధానమును దాచి దానినే రక్షణ యనుకొనుట పిల్లల ‘క’ భాషతో సమానము. ఈ సూత్రమును విస్మరించినందువలననే సెల్‌ఫోనుకు చిక్కు వచ్చినది.

1982లో ఐరోపా దేశముల తంతితపాలా శాఖలు కలిసి, ఒకే తీరు సెల్‌ఫోను వ్యవస్థ నేర్పఱచుటకై ఒక సంఘమును స్థాపించెను. జీఎస్ఎమ్ అను పేరు అక్కడ బుట్టినదే. 1991 జూలై 1వ తేదీన ఫిన్లాండు దేశమున ఆ పద్ధతిపై తొలి వాణిజ్య సంభాషణము జరిగెను. మన దేశమున 1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాముతో మాటాడుట తొలి సెల్‌ఫోను సంభాషణము. ఫోనునుండి టవరువఱకు గాలిలో బోవు మాటను కప్పుటకై 1987లో కల్పించిన గూఢలిపికి ఏ5/1 అని పేరు. ఇతర దేశములకు పంపుటకై అంతకంటె బలహీనమైన ఏ5/2 అను దానిని 1989లో సిద్ధపఱచిరి. ఈ రెంటి నిర్మాణమును కూడ రహస్యముగా నుంచిరి.

ఏ5/1 పని తీరు చెప్పెదను. మూడు పూసలదండలను భావింపుడు. ఒకదానిలో 19, రెండవదానిలో 22, మూడవదానిలో 23 పూసలు గలవు. ప్రతి పూసయు సున్నయో ఒకటియో యగును. ప్రతి దండ నడుమ ఒక గుఱుతుపూస యుండును. ఆ మూడు గుఱుతుపూసలలో ఎక్కువమంది మాట యేదో చూచి, ఆ మాటతో ఏకీభవించిన దండలు మాత్రమే ఒక పూస ముందునకు జరుగును. మూడు దండల కొసపూసలను కలిపి లెక్కించగా వచ్చినది గూఢధార. ఆ ధారను మన మాటతో గలిపి గాలిలోనికి విడుతురు. టవరు వద్ద అదే ధారను మఱల గలుపగా మాట బయల్పడును.

19, 22, 23 కలిపిన 64. తాళపుచెవికి 64 స్థానము లని యర్థము. ఛందస్సు చదివినవారికి ఈ లెక్క సులభము. గురులఘువుల ప్రస్తారమున మూడక్షరములకు 8 గణములు వచ్చును. ఒక యక్షరము పెరిగిన కొలది సంఖ్య రెట్టింపగును. ఆ ప్రకారము 64 స్థానములకు వచ్చు తాళపుచెవుల సంఖ్య 20 అంకెల పొడవు గలది. కాని ఆచరణలో అందు 10 స్థానములను ఎల్లప్పుడు సున్నలుగానే యుంచిరి. అనగా 54 స్థానములే నిజము. పది స్థానములు పోయిన మాత్రమున బలము 1024వ వంతునకు దిగిపోయినది. ఇట్లేల చేసిరి? 1980ల నడుమ పశ్చిమదేశముల గూఢచార శాఖలలో ఈ గూఢలిపి బలమును గుఱించి వాదము జరిగినదనియు, తూర్పు కూటమికి సరిహద్దున నున్న జర్మనీ గట్టి తాళము గోరగా ఇతరులు అడ్డుపడిరనియు కేంబ్రిడ్జి ఆచార్యుడు రాస్ ఆండర్సన్ 1994లో వెల్లడించెను. ఏ5 నిర్మాణపు స్థూలరేఖయు ఆయన మూలముననే ఆనాడు లోకమునకు దెలిసెను. బ్రిటిషువారు బలహీనతను గోరిరని ఆ వ్యవస్థను రూపొందించినవారిలో కొందఱు చెప్పినట్లు 2014లో నార్వే దేశపు ఆఫ్టెన్‌పోస్టెన్ పత్రిక ప్రకటించినది.

దాచిన నిర్మాణము ఎన్నాళ్లు దాగును? 1998 ఏప్రిలులో మార్క్ బ్రిసెనో, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అను మువ్వురు సిమ్ములోని గుఱుతింపు పద్ధతిని ఛేదించి, పది సున్నల సంగతిని గూడ బయటపెట్టిరి. 1999లో బ్రిసెనో ఒక ఫోనును శోధించి ఏ5/1, ఏ5/2 ల సంపూర్ణ నిర్మాణమును తేల్చెను. 2000లో బిర్యుకోవ్, షమీర్, వాగ్నర్ అనువారు, ముందుగా పెద్ద గణనము చేసి యుంచుకొన్నచో రెండు నిమిషముల సంభాషణనుండి ఒక్క సెకనులో తాళపుచెవిని రాబట్టవచ్చునని సాధారణ కంప్యూటరుపై నిరూపించిరి. ఆ యేటనే మన కలకత్తా నగరమున జరిగిన ఇండోక్రిప్ట్ సభలో బీహామ్, డంకెల్‌మన్ అను ఇజ్రాయేలు పండితులు ఏ5/1 పైననే మఱియొక పరిశోధన సమర్పించిరి. 2003లో బార్కన్, బీహామ్, కెల్లర్ అనువారు ఏ5/2ను సెకను కంటె తక్కువ కాలములో ఛేదించు మార్గము చూపిరి. పిదప క్రొత్త ఫోనులలో ఏ5/2ను నిషేధించిరి.

ఇంత జరిగినను ఏ5/1 మాత్రము టవరులనుండి తొలగలేదు. ఇది పండితుల కాగితములలోని మాటయేగాని ఆచరణకు రాదని వ్యాపారసంఘములు సమాధానపఱచుచు వచ్చెను. ఇక్కడనే మన కథలోనికి బహిరంగ సాధనములు ప్రవేశించును. ఓపెన్ సోర్స్ అనగా సాఫ్ట్‌వేరు వ్రాతప్రతిని దాచక, ఎవ్వరైనను చదువునట్లు, దిద్దునట్లు, వాడుకొనునట్లు లోకమున నుంచుట.

2009 ఆగస్టులో జర్మను పరిశోధకుడు కార్‌స్టెన్ నోల్ ఒక పిలుపు నిచ్చెను: ఏ5/1 పట్టికలను అందఱము కలిసి తయారు చేయుదము రండని. పట్టిక యననేమి? పంచాంగము వంటిది. సిద్ధాంతిగారు ఏడాదికి సరిపడు గ్రహగణనము ముందే చేసి యుంచుదురు. గృహస్థుడు పుటలు త్రిప్పి తిథి చూచుకొనును. అట్లే గణనమంతయు ముందే చేసి దాచినచో తాళపుచెవిని వెదకుట పుటలు త్రిప్పుట యగును. 1980లో హెల్మన్, 2003లో ఓక్స్‌లిన్ అనువారు చూపిన మార్గ మిది. ఆటల కొఱకు కంప్యూటరులలో నమర్చు చిత్రఫలకములను ఉపయోగించి స్వచ్ఛంద సహాయకులు ఆ గణనము సాగించిరి. 2009 డిసెంబరు చివర బెర్లిను నగరమున జరిగిన సభలో ఫలితము ప్రకటింపబడెను. పట్టికల పరిమాణము సుమారు 2 టెరాబైట్లు. అది నేడు అరచేతిలో నిముడు పేటికలో బట్టును. 2010 జూలైలో ఫ్రాంక్ స్టీవెన్సన్ ఆ పట్టికలలో వేగముగా వెదకు క్రాకెన్ అను సాధనమును వెలువరించెను.

పట్టిక యున్నను వెదకుటకు మొదటి యాధార మొకటి కావలెను గదా! అది దొరకిన తీరు వినదగినది. మన పాత యుత్తరములు ‘ఉభయకుశలోపరి’ అని ప్రారంభమగునని అందఱును ఎఱుగుదురు. అర్థము కాని లిపిలో వ్రాసిన యుత్తరము దొరకినను, మొదటి పంక్తిలో ఆ మాట యుండునని యూహించినచో లిపి కొంత విడిపోవును. సెల్‌ఫోను టవరు కూడ ఫోనునకు ఎల్లప్పుడు ఒకే తీరు లాంఛనపు మాటలను, ఖాళీని నింపుటకు ఒకే గుఱుతును పంపుచుండును. ఆ మర్యాదవాక్యములే గూఢలిపికి చేటు తెచ్చినవి.

గాలిలోని తరంగములను పట్టుకొనుటకు గ్నూ రేడియో, ఎయిర్‌ప్రోబ్ అను బహిరంగ సాధనము లుండెను. 2010లో హరాల్డ్ వెల్టె మొదలగువారు ఆస్మోకామ్‌బీబీ యను సాఫ్ట్‌వేరును ప్రారంభించిరి. మోటరోలా సీ123 వంటి చౌక ఫోనులో కంపెనీవారి సాఫ్ట్‌వేరుకు బదులు దీనిని నింపిన, ఆ ఫోను తాను విన్నదంతయు చెప్పసాగును. ఆ డిసెంబరునందే బెర్లినులో నోల్, సిల్వైన్ మునో అను నిద్దఱు అట్టి చౌక ఫోనులు నాలుగింటితో, సభికుల యెదుట, తమ సంభాషణమునే పట్టి విప్పి చూపిరి. అధికవ్యయముతో ప్రభుత్వములే చేయగలవనుకొన్న పని మేజాబల్లపై జరిగినది. ఆ యనుమానము వట్టిది కాదని 2013 డిసెంబరులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ప్రకటనవలన దెలిసెను: అమెరికా గూఢచార శాఖ ఏ5/1ను విప్పగలదని స్నోడెన్ వెలువరించిన పత్రములలో నుండెను. అనగా బడి బీరువా ఇతర తాళపుచెవులతో ఎన్నడో తెఱచుకొనుచుండెను. చెప్పిన బాలుడు మాత్రము తరువాత వచ్చెను.

రెండవ లోపము నింకను చెప్పవలెను. ఈ పాత వ్యవస్థలో ఫోను తాను ఫలానా యని టవరునకు నిరూపించుకొనవలెను. టవరు మాత్రము ఫోనునకు ఏ నిరూపణయు చూపదు. లక్కయింటికి వచ్చిన ఖనకుడు గుఱుతు చెప్పెను గాని, ఈ టవరు చెప్పదు. కావున కపట టవరును నిలుపువాడు ఫోనులను తనవైపునకు లాగుకొని, గూఢలిపియే వలదని యాజ్ఞాపింపగలడు. 3జీ పద్ధతినుండి ఇరువైపుల నిరూపణ యేర్పడినది. 2014లో నోల్ బృందమువారు స్నూప్‌స్నిచ్ అను బహిరంగ సాధనమును వెలువరించిరి. కొన్ని జాతుల ఫోనులలో అది టవరు నడతను గమనించి, గూఢలిపి యే పాటిదో, కపటమేమైన గలదో గృహస్థునకే చెప్పును.

2021లో ఐరోపా పరిశోధకులు జీఈఏ-1 అను మఱియొక పాత గూఢలిపిని శోధించి, 64 స్థానముల తాళపుచెవి యని చెప్పినదానికి నిజముగా 40 స్థానముల బలమే యున్నదనియు, అట్టి లోపము యాదృచ్ఛికముగా వచ్చుట దాదాపు అసంభవమనియు నిరూపించిరి. ఆనాటి ఎగుమతి నిబంధనలకు లోబడి యట్లు చేసితిమని నిర్మాతలపక్షము ఒప్పుకొనెను. ఒక తరము కాలము కోట్లమంది యా తాళమును నమ్మి యుండిరి!

మన తెలుగునాట ఈ విద్యకు స్థానము లేకపోలేదు. ఇండోక్రిప్ట్ సభ 2002లోను, 2010లోను హైదరాబాదులో జరిగెను. తెలుగువాడైన సంఖ్యాశాస్త్రజ్ఞుడు కల్యంపూడి రాధాకృష్ణారావుగారి పేర హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణమున 2007లో వెలసిన సంస్థలో గూఢలిపి పరిశోధన యొక ముఖ్యశాఖ. పరీక్షించువానికి గలుగు కష్టమునకు దృష్టాంతము కూడ మన హైదరాబాదులోనే గలదు. అది ఫోనుది కాదు, ఓటు యంత్రముది. 2010లో హరిప్రసాద్ అను ఇంజనీరు, అమెరికా ఆచార్యుడు హాల్డర్‌మన్, డచ్చి దేశీయుడు రాప్ గాంగ్రైప్ కలిసి ఒక ఓటు యంత్రమును పరీక్షించి, లోపములు గలవని పరిశోధనపత్రము ప్రకటించిరి. ఎన్నికల సంఘమువారు యంత్రములు సురక్షితములే యనిరి. ఆ యంత్ర మెట్లు లభించినదను విచారణలో ఆగస్టు నెలలో హరిప్రసాద్ అరెస్టయి, పిదప జామీనుపై విడుదలయ్యెను. ఆ సంవత్సరమే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ హరిప్రసాదునకు పురస్కార మొసగెను. 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు వేఱొక వ్యాజ్యమున, ఓటునకు కాగితపు సాక్ష్య ముండుట యావశ్యకమని తీర్పు చెప్పెను. ఇరుపక్షముల వాదములను తూచుట నా పని కాదు. తాళమును పరీక్షించుటకు తిన్నని బాట లేనిచోట పరీక్షించువాడును, దొంగయు ఒకే ముళ్లబాటన నడువవలసి వచ్చునని మాత్రమే నా మనవి.

ఇట్టి సాధనములు దుష్టుల చేత బడవా యని మీరడుగుదురు. పడును. ఇతరుల సంభాషణమును అనుమతి లేక వినుట మన దేశమున నేరము, అట్లే యుండవలెను. అయినను దుష్టుడు బహిరంగ సాధనము కొఱకు వేచియుండడు. వాని సాధనము వాని యొద్దనే గలదు. బహిరంగ సాధనమువలన క్రొత్తగా కన్నులు తెఱచునది గృహస్థుడు, విద్యార్థి, తాళము మార్పవలసిన యధికారి. పరీక్షకుడు తన ఫోనును, తన సంభాషణమును పరీక్షించి, కనుగొన్నదానిని చెప్పవలెను. అంతవఱకే వాని ధర్మము.

మన పల్లెలలో చిన్న మీటల ఫోనులు వాడు వృద్ధులు నేటికిని 2జీ పైననే యాధారపడి యున్నారు. బ్యాంకువారి రహస్యసంఖ్యలును పొట్టి సందేశములుగా ఆ బాటననే వచ్చుచున్నవి. 2021 నుండి కొన్ని ఆండ్రాయిడ్ ఫోనులలో 2జీని మాన్పుకొను ఏర్పాటు వచ్చినది. మంచి సిగ్నలున్నచోట అట్టి ఫోను గలవారు దానిని వాడుకొనుడు. లేనివారి కొఱకు టవరులలోని తాళము మార్పవలసినవారు కంపెనీలవారును, ప్రభుత్వమును. అడుగవలసినవారము మనము.

నా బీరువాకు తరువాత మంచి తాళమే వేయించిరి. కాని అది వేయించినది దొంగతనము. బాలుని మాట కాదు. వాని మాట వినిన దినముననే ఆ పని జరిగి యుండినచో, కట్ట పోయెడిది కాదు, ఒక పిల్లవాని చదువు నిలిచెడిది కాదు. వానిని క్షమాపణ కోరు నవకాశము నాకు లభింపలేదు. ఈ ప్రసంగము ఎచ్చటనైనను వాని చెవిని బడినచో, ఆనాడు నీవు చెప్పినది నిజమనియు, దెబ్బలు తినవలసినవాడవు నీవు కావనియు తెలిసికొందువు గాక.